కరివేపాకా, నిమ్మా, మల్లెనా: బ్రిటన్ కన్సర్వేటరీకి ఏ మొక్క సరిపోతుంది?

బ్రిటన్‌లో ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి ఇంటి వెనక ఒక కన్సర్వేటరీ కూడా కలిసొస్తుంది. చుట్టూ అద్దాలు, పైన అద్దమో పాలీకార్బొనేట్ రేకో. మే నెలలో అందులో కూర్చుంటే ఒళ్లు వెచ్చబడి, ఇక ఇక్కడ ఏదైనా పండించొచ్చనిపిస్తుంది. కరివేపాకు, మల్లె, మందారం, తులసి, నిమ్మ అన్నీ ఆ వేసవిలోనే వచ్చి చేరతాయి. సంక్రాంతి వచ్చేసరికి సగం కుండీల్లో మోళ్లు మిగులుతాయి. పెంచేవాళ్ల శ్రద్ధలో లోటేమీ ఉండదు. ఆ గది జనవరి రాత్రిని ఆ మొక్క తట్టుకోలేదు, అంతే.

అందుకే కన్సర్వేటరీకి మొక్కలు ఎంచేటప్పుడు వేసవిని పక్కన పెట్టి చలికాలం నుంచి లెక్క మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను. ఏ మొక్క అందంగా ఉంది, ఏది మన ఊళ్లో ఉండేది అన్న ప్రశ్నలు ఆ తర్వాతే.

ముందు గదిని కొలవండి

రోజులో అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి కొనండి. ఖరీదేమీ ఉండదు. దాన్ని కుండీలు ఉండే ఎత్తులో, నేరుగా ఎండ తగలని చోట పెట్టి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజూ పొద్దున్నే చూడండి. ఆ మూడు నెలల్లో కనిపించిన అతి తక్కువ అంకె ఏదో, మీ గది అదే.

ఆ అంకె సున్నా దగ్గరికో కిందికో పోతే అది చల్లని గది. 5 దగ్గర ఆగితే మంచు తగలని గది. 10 కంటే దిగకపోతే మధ్యస్థం. 15 పైన నిలబడితే వెచ్చని గది, అంటే దాదాపు ఇంట్లో హాలు లాంటిదే. హీటర్ లేని కన్సర్వేటరీలు ఎక్కువగా మొదటి రెండు రకాల్లోనే ఉంటాయి. ఇంటి గోడకు ఆనుకుని ఉంటుంది కదా అని ధీమాగా ఉండకండి. మధ్య తలుపు మూసేశాక ఆ గోడ ఇచ్చే వెచ్చదనం చాలా తక్కువ.

లండన్‌లో క్యూ గార్డెన్స్‌కు దగ్గరలో ఉంటే అక్కడి ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ కన్సర్వేటరీకి ఒకసారి వెళ్లి రండి. 1987లో తెరిచిన ఆ అద్దాల భవనంలో ఒకే కప్పు కింద 10 రకాల వాతావరణాలను వేరు వేరుగా నిలబెట్టారు. ఎడారి మొక్కల గది నుంచి తలుపు తీసుకుని తేమ గదిలోకి అడుగు పెడితే కళ్లద్దాలు మసకబారతాయి. మీ ఇంటి గది వీటిలో దేనికి దగ్గరగా ఉందో అక్కడ నిలబడితే ఒంటికే తెలుస్తుంది.

రెండో లెక్క దిక్కు. దక్షిణం వైపు గది వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలే. పడమటి గదిలో సాయంత్రం ఎండ పొడవుగా లోపలికి దూరుతుంది. తూర్పు గది మొక్కలకు అన్నిటికంటే సుఖం. ఉత్తరం గదికి వేసవి వేడి బాధ లేదు గానీ చలికాలంలో వెలుతురు బాగా తక్కువ.

ఆ వెలుతురు మాట కొంచెం వివరంగా చెప్పాలి, మనం తక్కువ అంచనా వేసేది దాన్నే. డిసెంబరు 21న లండన్‌లో పగలు 8 గంటలకు కాస్త తక్కువ. అదే రోజు హైదరాబాద్‌లో దాదాపు 11 గంటలు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు దిగంతం నుంచి 49 డిగ్రీల ఎత్తులో ఉంటే లండన్‌లో 15 డిగ్రీలే. హీటర్ పెట్టి గదిని వెచ్చగా ఉంచినా ఈ లోటు తీరదు. వేడి ఉండి వెలుతురు లేకపోతే మొక్క పాలిపోయి, సన్నగా సాగిన చిగుళ్లు వేసి, పురుగుకు సులువుగా చిక్కుతుంది. కాబట్టి ఎండ మొక్కలకు చలికాలంలో కొంచెం చల్లదనమే మేలు.

పాత కప్పు తీసేసి పెంకుల కప్పు వేయించుకోవాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. గది మనుషులకు హాయిగా మారుతుంది, మొక్కలకు మాత్రం సగం చీకటవుతుంది. క్యూలోనే 1761లో విలియం చేంబర్స్ నారింజ చెట్ల కోసం ఆరెంజరీ కట్టించాడు. పెద్ద పెద్ద కిటికీలున్నా పైకప్పు అద్దం కాకపోవడంతో చెట్లకు వెలుతురు చాలలేదు. పెంకుల కప్పు వేయించాలన్న ఆలోచన ఖాయమైతే నిమ్మజాతిని మరిచిపోయి నీడ మొక్కల వైపు చూడండి.

కరివేపాకా, నిమ్మా?

ఈ రెండూ ఒకే కుటుంబానివి. ఆకు నలిపితే వాసనలో ఆ చుట్టరికం కొంత తెలుస్తుంది. అయినా కన్సర్వేటరీలో వీటి తీరు వేరు.

కరివేపాకు 10 డిగ్రీల కిందికి దిగితే ఎదగడం మానేసి ఆకు రాలుస్తుంది. మంచు తగిలితే చచ్చిపోతుంది. రాలడం ఎలా మొదలవుతుందో గమనించండి. ముందు ఆకులు లేత పసుపుకు తిరుగుతాయి, తర్వాత ఒక్కొక్కటే రాలి ఉత్త ఈనె మిగులుతుంది, కొన్నాళ్లకు ఆ ఈనె కూడా ఊడిపోతుంది. అప్పుడు కంగారుపడి నీళ్లు పోస్తారు. ఆ నీళ్లే దాన్ని చంపుతాయి. ఆకు లేని మొక్క నీళ్లు తాగదు, చల్లటి తడి మట్టిలో వేరు కుళ్లిపోతుంది. మట్టి దాదాపు ఎండేదాకా ఆగి కొంచెం కొంచెం పోస్తే చాలు. మార్చిలో కాండం మీద గోటితో చిన్న గీత గీయండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఏప్రిల్‌లో చిగురేస్తుంది, తొందరపడి పారేయకండి.

నిమ్మకు చలికాలపు రాత్రి 10 డిగ్రీలుంటే హాయి. అంతకంటే కాస్త తగ్గినా మంచు తగలనంతవరకూ తట్టుకుంటుంది. మేయర్ నిమ్మ ఈ విషయంలో గట్టిది, కుండీలో త్వరగా కాస్తుంది కూడా. చిన్న నారింజల్లా కాయలు కాసే కలమాండిన్ చూడ్డానికి ముచ్చటగా ఉన్నా దానికి 13 డిగ్రీలు కావాలి, అందుకే అది కన్సర్వేటరీలో కంటే ఇంట్లోనే మెరుగు.

నిమ్మకు జనవరిలో వచ్చే చిక్కు విచిత్రంగా ఉంటుంది. బాగా ఎండ కాసిన రోజు తర్వాత ఆకులు పచ్చగానే ఉండి కుప్పగా రాలిపోతాయి. ఎండకు ఆకు వేడెక్కి నీళ్లు అడుగుతుంది. కుండీ మాత్రం చల్లటి టైల్స్ మీద ఉంటుంది, ఆ చల్లదనానికి వేరు పనిచేయదు. పైనుంచి అడిగింది కిందనుంచి అందక చెట్టు ఆకు వదిలేసుకుంటుంది. కుండీని నేల మీద పెట్టకుండా చెక్క బల్ల మీదో మందపాటి థర్మాకోల్ మీదో పెట్టి, ఎండ ఉన్న మధ్యాహ్నం ఒక కిటికీ కొద్దిగా తెరిస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇక ఎంపిక. దక్షిణమో పడమరో చూసే, 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఆగే గదిలో పెద్ద మొక్క ఒక్కటే పెట్టాలంటే నా ఓటు నిమ్మకే. చలికాలం చివర్లో పూత పూసి ఆ గదినంతా పరిమళంతో నింపుతుంది, చారులోకి కాయ కూడా దొరుకుతుంది. కరివేపాకు మీద ప్రాణం ఉంటే, ఉండటం సహజమే, దాన్ని మే నుంచి సెప్టెంబరు దాకా కన్సర్వేటరీలో ఉంచి, అక్టోబరు మొదటి వారంలో ఇంట్లో దక్షిణపు కిటికీ దగ్గరికి మార్చండి. ఏడాది పొడవునా అద్దాల గదిలోనే ఉంచాలన్న పట్టుదల వద్దు. ఎండాకాలంలో కొసలు తుంచుతూ, పూమొగ్గలు గిల్లేస్తూ ఉంటే గుబురుగా పెరుగుతుంది.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు పిలక ఒకటి సూట్‌కేసులో పెట్టుకురావడం మాత్రం వద్దు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా బతికున్న మొక్కను బ్రిటన్‌లోకి తేకూడదు. నిమ్మజాతిని నాశనం చేసే తెగులును మోసే సిల్లా పురుగుకు కరివేపాకు ఇష్టమైన ఆశ్రయం, అందుకే ఇంత కట్టుదిట్టం. అమెరికాలో కూడా ఈ కారణంగానే నిమ్మ తెగులు క్వారంటైన్ ఉన్న ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కలు బయటికి పంపడం మీద ఆంక్షలున్నాయి. ఇక్కడి నర్సరీల్లో దొరికేది కొనుక్కోండి.

హీటర్ పెట్టాలా, మొక్కను లోపలికి తేవాలా?

2 కిలోవాట్ల హీటర్ థర్మోస్టాట్ మీద రాత్రికి మొత్తం 8 గంటలు వెలిగిందనుకుందాం. రాత్రికి 16 యూనిట్లు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా 90 రాత్రులకు 1,440 యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ ధరతో గుణించి చూసుకోండి. ఆ సొమ్ము ఒక్క కరివేపాకు చెట్టు కోసమా అన్నది అప్పుడు తేలికగా తేలుతుంది.

దానికి బదులు మొక్కను ఇంట్లోకి తెచ్చి పైన 30 వాట్ల ఎల్‌ఈడీ గ్రో లైట్ రోజుకు 12 గంటలు వెలిగిస్తే 90 రోజులకు దాదాపు 32 యూనిట్లు. తేడా ఎంతుందో చూశారుగా. ఒకటి రెండు మొక్కలున్నవాళ్లకు ఇదే దారి. నలుగురూ కూర్చునేందుకు కన్సర్వేటరీని ఎలాగూ వేడి చేసే ఇంట్లో మాత్రం లెక్క మారుతుంది, అక్కడ మొక్కలు ఆ వేడిలోనే బతికేస్తాయి.

మధ్యే మార్గం కూడా ఒకటుంది. గదిని 5 డిగ్రీల దగ్గర ఆపేలా థర్మోస్టాట్ పెట్టి, మొక్కలను ఇంటి గోడ వైపు ఒక మూలకు చేర్చి, బాగా చలి వేసిన రాత్రులు వాటి మీద తోట ఫ్లీస్, అంటే మొక్కలకు కప్పే పలచటి బట్ట, కప్పడం. నిమ్మకు, కాగితం పూలకు, గన్నేరుకు ఇది సరిపోతుంది. ప్యారఫిన్ హీటర్ జోలికి పోకండి. లీటరు ప్యారఫిన్ కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. ఆ తేమ అద్దాల మీద చెమర్చి, ఆకుల మీద పడి, బూడిద రంగు బూజు పడుతుంది.

పూల కోసమైతే

మల్లె కావాలా, మల్లె లాంటిది చాలా అన్నది ముందు తేల్చుకోండి. గార్డెన్ సెంటర్లలో శీతాకాలం చివర్లో తీగ చుట్టి అమ్మేది జాస్మినం పాలియాంథమ్. గులాబీ మొగ్గలు, తెల్లటి పూలు, మన జాజిని తలపించే వాసన. మంచు తగలకపోతే చాలు, చల్లని గదిలో హాయిగా ఉంటుంది. పైగా శరదృతువులో చల్లదనం తగలకపోతే మొగ్గే వేయదు. పూత అయిపోగానే బాగా కత్తిరించాలి, లేకపోతే ఏడాదిలో కప్పు దాకా పాకుతుంది.

మనం మాలలు కట్టే మల్లె జాస్మినం సాంబక్. దీనికి పూర్తి ఎండ, వేసవి ఉక్క, చలికాలంలో కనీసం 10 డిగ్రీలు కావాలి. దక్షిణం గది దీనికి సరైన చోటు, మిగతా మొక్కలు సొమ్మసిల్లే వేడిలో ఇది పూస్తుంది. మైలవరం వైపు తోటల్లో మల్లెకు చలికాలంలో నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాత తడి పెట్టి వేసవి పూతకు సిద్ధం చేస్తారు. కన్సర్వేటరీలో చలికాలం ఆ పనిలో సగం తానే చేసిపెడుతుంది. నవంబరు నుంచి నీళ్లు బాగా తగ్గించండి, ఫిబ్రవరి చివర్లో కొమ్మలను మూడో వంతు దాకా కత్తిరించండి, మార్చిలో చిగురు కనిపించాక ఎరువు, నీళ్లు పెంచండి. పాలియాంథమ్ తేలిక, నిజమే. కానీ వేసవిలో పూజకూ జడకూ గుప్పెడు మల్లెలు కావాలంటే సాంబక్‌కు సాటి లేదు, దాని కోసం కొంచెం శ్రమపడొచ్చు.

కాగితం పూలు దక్షిణం గదికి మంచి ఎంపిక. చలికాలంలో ఆకు రాల్చినా, మట్టి పొడిగా ఉంటే 5 నుంచి 7 డిగ్రీల దగ్గర గడిపేస్తుంది. మందారానికి అంతకంటే వెచ్చదనం కావాలి, 10 కిందికి దిగితే మొగ్గలూ ఆకులూ రెండూ రాలుస్తుంది. గన్నేరు వీటన్నిటికంటే గట్టిది, కానీ అందులో ప్రతి భాగమూ విషమే. పాకే పిల్లలున్న ఇంట్లో, ఆకులు కొరికే పిల్లి ఉన్న ఇంట్లో దాన్ని పెట్టవద్దు.

తులసి సంగతి వేరు. దాన్ని మొక్కల జాబితాలో ఒకటిగా చూడలేం, కోట దగ్గర రోజూ దీపం పెట్టేవాళ్లకు అది ఎండిపోతే మనసు చివుక్కుమంటుంది. అయినా చలిని అది తట్టుకోలేదు. ఒక్క మొక్కనే ఏళ్ల తరబడి నిలపాలని చూడటం కంటే, సెప్టెంబరులో గింజలు తీసి దాచి, ఏప్రిల్‌లో 20 డిగ్రీల వెచ్చదనంలో నారు పోసుకోవడం నయం. సెప్టెంబరు చివర్లోనే కుండీని వంటింటి కిటికీలోకి మార్చితే కార్తీకంలో క్షీరాబ్ధి ద్వాదశి నాటికి ఆకుతో ఉంటుంది.

ఉత్తరం గది ఉన్నవాళ్లకు

మీ గది పనికిరాదని ఎవరైనా అంటే నమ్మకండి. క్లీవియాకు అంతకంటే మంచి చోటు లేదు. దక్షిణాఫ్రికా అడవుల నీడలో పెరిగే మొక్క ఇది. పట్టీల్లాంటి ముదురాకుపచ్చ ఆకులు, చలికాలం చివరి నుంచి వసంతం దాకా నారింజ రంగు పూగుత్తి. ఆరు నుంచి ఎనిమిది వారాలు 10 డిగ్రీల దగ్గర, దాదాపు నీళ్లు లేకుండా ఉంటేనే పూకాడ పైకి వస్తుంది. వెచ్చని హాల్లో పెట్టినవాళ్లు పూయడం లేదని బాధపడుతుంటారు, మీ చల్లని గదిలో అదే మొక్క ఏటా పూస్తుంది. వేర్లు కుండీ నిండా బిగుసుకున్నా మార్చకండి, బిగువుగా ఉంటేనే బాగా పూస్తుంది.

దానికి తోడు ఆస్పిడిస్ట్రా, ఫెర్న్‌లు చాలు. మాన్‌స్టెరా, మనీ ప్లాంట్ ఫొటోల్లో అద్దాల గదుల్లో కనిపిస్తాయి గానీ వాటికి చలికాలంలో 15 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. అవి హాల్లో ఉండాల్సినవి.

మట్టి, నీళ్లు, పురుగులు

కన్సర్వేటరీలో ఏళ్ల తరబడి ఉండే మొక్కకు జాన్ ఇన్నెస్ నంబర్ 3 లాంటి మట్టి కలిసిన మిశ్రమం వాడండి. బరువుగా ఉంటుంది కాబట్టి కుండీ ఒరగదు, వేసవిలో ఒక్క పూటకే ఎండిపోదు. కరివేపాకుకూ నిమ్మకూ అందులో ఐదో వంతు గరుకు ఇసుకో పెర్లైటో కలిపితే నీళ్లు నిలవవు.

లండన్‌లో, ఆగ్నేయ ఇంగ్లండ్‌లో కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది అదే. ఆ నీళ్లే పోస్తూ ఉంటే నిమ్మ, కరివేపాకు ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపుకు తిరుగుతాయి, మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. తోటలో డ్రమ్ము పెట్టి వాన నీళ్లు పట్టుకోండి. బ్రిటన్‌లో వానకు కరువు లేదు. చలికాలంలో నీళ్లు పొద్దునే పోయండి, రాత్రి చలి పడేసరికి మట్టి పైభాగం కాస్త ఆరుతుంది.

వేసవిలో పొడి వేడికి ఎర్రనల్లి వస్తుంది. ఆకు మీద సన్నటి లేత చుక్కలు, అడుగున పలచటి గూడు కనిపిస్తే అదే. వేడి రోజుల్లో పొద్దున నేల మీద నీళ్లు చల్లి గదిలో తేమ పెంచితే చాలావరకు ఆగుతుంది. ముదిరితే దాన్ని తినే ఫైటోసీయులస్ నల్లిని పోస్టులో తెప్పించుకోవచ్చు. పిండినల్లికి క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు జాతి, తెల్లదోమకు ఎన్‌కార్సియా కందిరీగ కూడా అలాగే దొరుకుతాయి. మనం ఆకు కోసి కూరలో వేసుకునే మొక్క మీద మందు కొట్టడం కంటే ఈ పద్ధతే నాకు ఇష్టం. కానీ ఇవి చలిలో పనిచేయవు, మే తర్వాతే తెప్పించండి.

ఇక కొనే సమయం. నవంబరులో తగ్గింపు ధరకు దొరికిందని నిమ్మో మందారమో తేవద్దు. వెచ్చని నర్సరీ నుంచి నేరుగా మీ చల్లని గదికి వచ్చిన మొక్క పది రోజుల్లో ఆకు దులిపేస్తుంది. మే చివర్లో కొంటే అక్టోబరు దాకా వేరు పట్టుకోవడానికి అయిదు నెలలు దొరుకుతాయి. తెచ్చాక రెండు వారాలు మిగతా కుండీలకు దూరంగా ఉంచి, ఆకుల అడుగున, కొమ్మల సందుల్లో పొలుసు పురుగు ఉందేమో వేలితో తడిమి చూసి, అప్పుడు వరసలో పెట్టండి.